కూతురికి రెండు పూతలు

ఆ ఉదయం పీర్ సాహెబ్ తలపెట్టింది చిన్న పనే. నాలుగో నెల కడుపుతో ఉన్న కూతురు మెహ్‌నాజ్‌ను రోజూ అరగంట ఎండలో కూర్చోబెట్టాలి. ఆమెకు డి విటమిన్ తక్కువగా ఉందని డాక్టరమ్మ సుధారాణి మాత్రలు కూడా రాసిచ్చింది గానీ, ఆయన చెవికెక్కింది ఎండ ఒక్కటే. వెంటనే మదనపల్లె వెళ్లి, మీ సందులో ఎండ పొడ కూడా పడదని వియ్యపురాలు రహీమున్నీసాను నోరెత్తనీయకుండా దులిపేసి, కూతుర్ని పుంగనూరు తెచ్చేసుకున్నాడు.

తీరా చూస్తే ఆయన ఇంట్లో ఎండ పడేది వాకిట్లో ఒక్కచోటే. అక్కడ ముప్పై ఏళ్లుగా ఆయన కొలిమి ఉంది. ఇత్తడి గిన్నెలకు కళాయి పూయడం ఆయన వృత్తి. బిడ్డ కంటే కొలిమి ఎక్కువా అనుకుని, దాన్ని వంటింటి పక్క వసారాలోకి మార్చాడు. పొగంతా ఇంట్లోకి తిరిగింది. ఆ పొగకు మెహ్‌నాజ్‌కు అన్నం సహించలేదు. పులుపైతే తింటుందని చింతపండు చారుకు ఓ గిన్నె తీసి, స్వయంగా కళాయి వేశాడు. తగరంలో కాస్త సీసం కలిపితే మెరుపు బాగా వస్తుందని వాళ్ల నాన్న నేర్పాడు.

"ఊరోళ్లకంతా ఒగ పూతే. నా బిడ్డకు రెండు," అన్నాడు గర్వంగా.

రెండు నెలలకు మెహ్‌నాజ్ పాలిపోయింది, కడుపునొప్పి అంది. సుధారాణి రక్తపరీక్ష చేయించి, కాగితం చూస్తూ, మీ ఇంట్లో సీసం పని ఎవరు చేస్తారని అడిగింది. పాపం, ఈ డాక్టరమ్మ ఇంట్లో గిన్నెలు వెలిసిపోయినట్టున్నాయని పీర్ సాహెబ్ జాలిపడ్డాడు.

"నేనేనమ్మా. మీ గిన్నెలు పంపీయండి, అద్దం మాదిరి చేసిస్తా."

ఆమె నవ్వలేదు. సంగతులన్నీ అడిగి తెలుసుకుని, "మీ సీసమే ఈమె రక్తంలో ఉంది. కడుపులో బిడ్డకూ పోతుంది, మెదడుకు మంచిది కాదు," అని నెమ్మదిగా చెప్పింది. డి విటమిన్ మాత్రం పెరిగిందట.

బయట బెంచీ మీద కూర్చుని ఆయన అరచేతులు చూసుకున్నాడు. "నా సేతుల్తో నేనే పూసి, నేనే తినిపిస్తినే," అన్నాడు. ఏడుపు ఆగలేదు. నీకు మాత్రం ఏం తెలుసులే అబ్బా అని మెహ్‌నాజ్ తండ్రికి సర్దిచెప్పింది. అంతకంటే ఆమె తిట్టినా బాగుండేదనిపించింది.

అటునుంచి అటే ఆమెను అత్తవారింట్లో దింపాడు. జరిగింది విని రహీమున్నీసా కోడల్ని లోపలికి తీసుకెళ్లి పడుకోబెట్టింది. తర్వాత, "ఎండకేమి భాయ్, మా మిద్దెపైన కావాల్సినంత ఉండాది. ఆ పొద్దు మీరు నన్ను మాట్లాడనిస్తే గదా," అంది.

మెహ్‌నాజ్ రక్తంలో సీసం తగ్గుతోందట. బిడ్డ సంగతి పుట్టాక గానీ చెప్పలేమన్నారు. పీర్ సాహెబ్ కొలిమి ఆర్పేశాడు. ఇప్పుడు రోజూ పొద్దున్నే ఖాళీ వాకిట్లో, ఫోను ఒళ్లో పెట్టుకుని, మదనపల్లె కబురు కోసం కూర్చుంటున్నాడు. ఆయనకు మాత్రం డి విటమిన్ లోటు లేదు.