రాయపూర్‌లో కిటికీ ఎక్కిన చినబాబు

నాలుగింటికి లేవాలి, ఐదింటికి రిక్షా ఎక్కాలి, ఆరింటికి భిలాయిలో బండి పట్టుకోవాలి, రాయపూర్‌లో దిగి విజయనగరం పాసింజరులో కిటికీ పక్క చోటు సంపాదించాలి, అక్కణ్ణుంచి చినబాబును ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఆడిస్తూ పాడిస్తూ మర్నాడు పొద్దున్నకల్లా అత్తవారి ఊళ్ళో దిగాలి. ఇదీ భుజంగరావు పథకం. బ్లాస్ట్ ఫర్నేసులో చార్జిమన్ వేసిన పథకం కనుక ఉక్కులా ఉందని ఇరుగుపొరుగు మెచ్చుకున్నారు. ఉక్కు కూడా కరుగుతుందని ఆ ఊళ్ళో అందరికీ తెలుసు గాని, ప్రయాణం పెట్టుకున్నవాడితో ఆ మాట ఎవరూ అనలేదు.

అప్పటికి భిలాయికి ఇంకా పాలపళ్ళ వయసు. సెక్టార్లలో నాటిన చెట్లు మోకాలెత్తున ఉండేవి. వాటికి మనుషులే నీడ ఇవ్వాలి. తెల్ల పంచె ఉతికి ఆరేస్తే సాయంత్రానికి ఎర్ర దుమ్ముతో గులాబీ రంగు తిరిగేది. బొగ్గుల అంగీఠీ పొయ్యిలు రాజేసే వేళకు బొబ్బిలి యాసా, పాలకొండ యాసా, విజయనగరం యాసా పొగతో కలిసి వీధంతా వ్యాపించేవి. కొత్త ఫర్నేసు నిలబెడుతున్న రోజులు కావడంతో భుజంగరావు మూడు నెలలుగా రోజుకు రెండు షిఫ్టులు చేస్తున్నాడు. కొడుకు లేవకముందే వెళ్తాడు, కొడుకు పడుకున్నాక వస్తాడు. తొమ్మిది నెలల చినబాబు లెక్కలో తండ్రి అనే మనిషి లేడు. ఆదివారం ఆదివారం ఇంట్లో ఒక మీసాలవాడు ప్రత్యక్షమవుతాడు, అంతే. వాణ్ణి చూడగానే చినబాబు ఫర్నేసు సైరనుకు తీసిపోకుండా ఏడ్చేవాడు.

ఇది ఇంట్లోనే ఉండిపోతే బాగుండేది. కిందటి నెల అత్తగారు అప్పలనర్సమ్మ వచ్చి కళ్ళారా చూసింది. అల్లుడితో నేరుగా మాట్లాడే ఆచారం ఆవిడకు లేదు. పెళ్ళయిన మూడేళ్ళుగా ఏది చెప్పినా గుమ్మానికే చెప్పేది. ఆవేళా గుమ్మం వైపే తిరిగి, "వీధిలో పాలోణ్ణి చూసినా గుంటడు ఇంతకన్నా నవ్వుతాడు. తండ్రి చుట్టపుచూపుగా వస్తంటే ఏటవుతాది మరి?" అంది. గుమ్మానికి ఏమీ కాలేదు. భుజంగరావుకు మాత్రం ఆ మాట గుండెలో సుత్తిదెబ్బలా దిగింది. అందుకే నాలుగు రోజుల సెలవు కూడబెట్టుకున్నాడు. విజయనగరం ప్లాట్‌ఫారం మీద, అత్తగారి కళ్ళముందు, చినబాబు తండ్రి చంకలోంచి నవ్వుతూ దిగాలి. దానికి చేతిలో ఉన్నది ఒక్క రైలు ప్రయాణం.

ప్రయాణం మాట పొక్కగానే వీధి వీధంతా సలహాలతో వచ్చిపడింది. సలహాకూ కలహానికీ తేడా ఒక్క అక్షరమే అని భుజంగరావుకు ఆ రాత్రే తెలిసింది. నీళ్ళు మరగబెట్టి తీసుకెళ్ళమని ఒకరు, స్టేషను పాలు తాగించొద్దని ఒకరు, బొడ్డుకు ఇంగువ రాయమని ఒకరు, రాయొద్దని ఇంకొకరు వాదించుకున్నారు. పాత చీరతో బల్లల మధ్య ఉయ్యాల ఎలా కట్టాలో గున్నమ్మ అనే పొరుగావిడ వంటింటి కిటికీ ఊచలకు కట్టి మరీ చూపించింది. అన్నిటిలోకీ గట్టి సలహా గురునాథరావుది. ఆయన రైల్వేలో సగం జీవితం, ఉక్కులో సగం జీవితం అరగదీసినవాడు. పిల్లాడి సామాను రెండు సంచుల్లో సగం సగం సర్దండి, ఒకటి పోయినా రెండోది ఉంటుంది అన్నాడు. ఆపైన గొంతు తగ్గించి, "చోటు కోసం తువ్వాలేస్తే తీసి అవతల పారేస్తారు భుజంగం. పిల్లాణ్ణి అందించు. పిల్లాణ్ణి పారేసినవాణ్ణి నా సర్వీసులో చూళ్ళేదు" అన్నాడు.

అవి పెళ్ళిళ్ళ రోజులు. రాయపూర్‌లో విజయనగరం పాసింజరు ప్లాట్‌ఫారం మీదికి వచ్చేసరికే కిటకిటలాడుతోంది. బోగీలో చోటు దొరికినవాడు భోగి, దొరకనివాడు యోగి. భుజంగరావు యోగం మీద మనసు లేనివాడు కనుక, "నువ్వు వెళ్ళి ఆడవాళ్ళ పెట్టెలో ఎక్కెయ్. పిల్లాడి సంగతి నేను చూసుకుంటాను" అని భార్య మణిమాలను ఒక సంచితో ముందుకు తోసేశాడు. తొమ్మిది నెలల్లో మొదటిసారి ఆ మాట విన్న మణిమాల వెనక్కి తిరిగి చూడలేదు. ఆయన ఒక కిటికీ దగ్గర నాలుగు తలల వెనక నిలబడి చినబాబును చేతులు చాచి లోపలికి అందించాడు. లోపలినుంచి గాజుల చేతులు రెండు అందుకున్నాయి. పథకం ఎంత చక్కగా సాగుతోందో అనుకుంటూ తలుపు దగ్గరికి వెళ్తే, తలుపు లేదు, మనుషులున్నారు. ఈల వేశారు. బండి కదిలింది. భుజంగరావు పరిగెత్తి వెనక బోగీ కమ్మీ పట్టుకున్నాడు.

అప్పట్లో ఒక బోగీలోంచి ఇంకో బోగీలోకి దారి ఉండేది కాదు. ముందు పెట్టెలో మణిమాల, మధ్య పెట్టెలో చినబాబు, వెనక పెట్టెలో భుజంగరావు. గురునాథరావు చెప్పినట్టే సామాను కూడా సగం సగం. పాల సీసా, పాలపొడి డబ్బా తండ్రి దగ్గర, గుడ్డలన్నీ తల్లి దగ్గర. ఆకలీ తడీ రెండూ కొడుకు దగ్గర.

తర్వాతి స్టేషను మందిర్ హసౌద్‌లో బండి ఆగీ ఆగకముందే భుజంగరావు దూకి ఆ కిటికీ దగ్గరికి పరిగెత్తాడు. గాజుల చేతులావిడ పేరు పోలమ్మ. భిలాయిలోనే ఖుర్సీపార్ మనిషి, మొగుడికి జాముల్ సిమెంటు ఫ్యాక్టరీలో పని. చినబాబు ఆవిడ ఒళ్ళో మరమరాలు ఏరుకుంటున్నాడు. కిటికీలో మీసాలు చూశాడు. అంతే, సైరను మోగించాడు. బోగీలోని తలలన్నీ కిటికీ వైపు తిరిగాయి.

"ఎవులు బాబూ నువ్వు? గుంటడు జడిసిపోతన్నాడు" అంది పోలమ్మ.

తన కొడుకేనని, ఇందాక అందించింది తానేనని భుజంగరావు చెప్పాడు.

"నాను సేతులు సూసినాను గాని మొకం సూణ్ణేదు."

భుజంగరావు చేతులు చూపించాడు. ముంజేతి నిండా నిప్పురవ్వల మచ్చలు. ఆవిడ పరకాయించి చూసి, భిలాయిలో ఎవరి చేతులకు లేవు ఆ మచ్చలు అంది. ఎదుటి బల్ల మీద కూర్చున్న దుర్గ్ వ్యాపారి సేఠ్, "భయ్యా, బచ్చా తుమ్హారా హై తో రోతా క్యోఁ హై?" అని అడిగాడు. కన్నబిడ్డయితే ఏడవడం దేనికన్నది చాలా న్యాయమైన ప్రశ్న. పళ్ళెన్ని వచ్చాయో చెప్పమంది పోలమ్మ. రెండు అన్నాడు. ఆవిడ చినబాబు పెదవి ఎత్తి చూపించింది. నాలుగు.

"మూడు నెలలుగా వీణ్ణి దగ్గరగా చూసేది నిద్రపోతూంటేనే అమ్మా. నోరు మూసుకుని ఉంటే పళ్ళెలా కనిపిస్తాయి?" అన్నాడు భుజంగరావు. "నిద్రలో ఎలా ఉంటాడో అడుగు, చెప్తాను. ఎడం పిడికిలి చెవికింద పెట్టుకుంటాడు. కుడికాలు మడిచి, పాదం రెండో మోకాలికి ఆనిస్తాడు. నిద్ర పట్టబోయే ముందు ఒక్కసారి కనుబొమలు ముడుస్తాడు, ఎవరిమీదో కోపమొచ్చినట్టు."

పోలమ్మ ఆలోచించింది. "మహాసముందుల బండి శానా సేపు ఆగుతాది. ఈలోపు గుంటడు తొంగుంటాడు. నువ్వన్నట్టు తొంగుంటే నీ బిడ్డే. పాలుంటే ఇచ్చెల్లు" అంది. మణిమాలను పిలుచుకొచ్చే వ్యవధి లేక, భుజంగరావు సీసా ఇచ్చి, ఈల వినగానే తన బోగీకి పరిగెత్తాడు. ఫర్నేసు నోరు తెరిచే ముందు కూడా ఆయనకు అంత గుబులు ఎప్పుడూ కలగలేదు. ఇవాళ వాడు కుడి పిడికిలి పెట్టుకుంటే తాను తండ్రి కాకుండా పోతాడు.

మహాసముంద్‌లో బోగీ బోగీ అంతా ఆయన కోసం కిటికీ దగ్గర ఎదురుచూస్తోంది. చినబాబు నిద్రపోతున్నాడు. ఎడం పిడికిలి చెవికింద ఉంది. కుడి పాదం మోకాలికి ఆనించి ఉంది. కనుబొమల సంగతి అందరూ వంగి చూశారట, సేఠ్‌గారైతే కళ్ళద్దాలు పెట్టుకుని మరీ చూశాడట. తలుపు దగ్గర మనుషులు పక్కకు తప్పుకున్నారు. పోలమ్మ పక్కకు జరిగి చోటిచ్చి, నిద్రపోతున్న పిల్లాణ్ణి ఆయన ఒళ్ళో పెట్టింది. కిటికీ పక్క చోటే.

బాగ్‌బహరాలో చినబాబుకు మెలకువ వచ్చింది. మీసాలు కనబడ్డాయి. ఈసారి సైరను ఆగలేదు. తాళాలు ఆడించమన్నారు, ఆవుల్ని చూపించమన్నారు, భుజం మీద వేసుకోమన్నారు, దింపమన్నారు. ఈ గొడవలో తడిపేశాడు కూడా. గుడ్డలు మణిమాల సంచిలో ఉన్నాయి గనుక, అత్తవారింట్లో వేసుకుందామని దాచుకున్న జరీ కండువా లంగోటీ అయింది. తల్లిని పిలుచుకు వద్దామని తర్వాతి స్టేషనులో పిల్లాణ్ణి ఎత్తుకుని దిగి ఆడవాళ్ళ పెట్టె దాకా వెళ్ళాడు. కిటికీకి తల ఆనించి, నోరు కొంచెం తెరిచి, మణిమాల నిద్రపోతోంది. తొమ్మిది నెలల నిద్ర. భుజంగరావు పిలవబోయి ఊరుకుని, ఏడ్చే పిల్లాడితో వెనక్కి వచ్చాడు.

చివరికి పోలమ్మే చెప్పింది. "మొకం తెలీదు గాని గొంతు తెలుస్తాదేమో. తువ్వాలు కప్పుకొని మాటాడు."

భుజంగరావు తువ్వాలు ముసుగేసుకున్నాడు. రోజూ అర్ధరాత్రి ఇంటికొచ్చి, ఉయ్యాల దగ్గర నిలబడి, ఎవరూ వినకుండా అనే మాటే అన్నాడు. "ఏరా చినబాబూ, డ్యూటీ దిగొచ్చాను రా."

ఏడుపు ఆగింది. చినబాబు ముసుగు వైపు చూశాడు. చెయ్యి చాచి తువ్వాలు లాగేశాడు. లోపల మీసాలున్నాయి. చూశాడు. నవ్వాడు, నాలుగు పళ్ళూ కనిపించేలా. తువ్వాలు మళ్ళీ కప్పుకోమన్నట్టు తండ్రి గుప్పెట్లో పెట్టాడు.

టిట్లాగఢ్‌లో మెలకువ వచ్చిన మణిమాల గుండెలు బాదుకుంటూ కిటికీ కిటికీ వెతుక్కుంటూ వచ్చింది. చినబాబు తండ్రి ఒళ్ళో జరీ లంగోటీతో మహారాజులా ఉన్నాడు. చేతులు చాచింది. వాడు తండ్రి భుజంలో మొహం దాచుకున్నాడు. మణిమాల ఒక్క క్షణం నివ్వెరపోయి, "పోన్లెండి, మళ్ళీ పడుకుంటాను" అని ఆ బోగీలోనే ఖాళీ అయిన పైబల్ల ఎక్కేసింది.

విజయనగరంలో అప్పలనర్సమ్మ స్టేషనుకు వచ్చింది. చినబాబు తండ్రి చంకలోంచి నవ్వుతూ దిగాడు. అమ్మమ్మ దగ్గరికి రాగానే మాత్రం తండ్రి మెడ కావలించుకుని సైరను మోగించాడు. ఆవిడ ఆ వైపు వచ్చింది, ఈ వైపు వచ్చింది. చుట్టూ చూస్తే చెప్పుకోవడానికి గుమ్మం కూడా లేదు. మూడేళ్ళలో మొదటిసారి అల్లుడి మొహంలోకి చూసి, "బాబూ, ఒక్కపాలి నాకియ్యండి" అంది. భుజంగరావు ఇవ్వడానికి సిద్ధమే. చినబాబు సిద్ధంగా లేడు.

అక్కడ ఉన్నన్నాళ్ళూ అంతే. అల్లుడికోసం వేసిన పరుపు మీద మణిమాల నిద్రపోయింది. భుజంగరావు ఒంటిచేత్తో భోంచేసి, అరుగు మీద తువ్వాలు ముసుగేసుకుని కూర్చునేవాడు. భిలాయి నుంచి అల్లుడొచ్చాడని చూడవచ్చిన బంధువులెవరికీ ఆయన మొహం కనబడలేదు.