బోర్డు కింది సామాను

బుధవారం పొద్దున గౌరవ్వ పెట్టుకున్న పని ఒక్కటే. మొగుడు ఉలిగప్ప చేనికి బయలుదేరగానే, ముందురోజు సిరవార సంతలో తెచ్చుకున్న బోర్డును తలవాకిలి మీద మేకులు కొట్టి తగిలించాలి. రొట్టెలు తర్వాత కాల్చుకోవచ్చు. పిండి ఎక్కడికీ పోదు, మొగుడే సాయంత్రానికి తిరిగొస్తాడు.

బోర్డంటే మోచేతి పొడుగు ఇనుప రేకు. దానికి ముదురు నీలం మెరుగు పూత, ఆ నీలం మీద తెల్లని ఉర్దూ అక్షరాలు. పాత సామాన్లు అమ్మే హుసేనప్ప దాన్ని గ్యాసునూనె డబ్బా మీద మూతగా పెట్టుకున్నాడు. గౌరవ్వ కళ్లు దాని మీద పడ్డాక డబ్బాకు మూత లేకుండా పోయింది. ఏం రాసుందో ఆమెకు తెలియదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు. తీగ మీద పిచ్చుకలు వాలినట్టున్న ఆ రాత తన పడసాలకు నప్పుతుంది, అంతే.

మల్లట్ ఊళ్లో అలాంటి పడసాల ఇంకొకటి లేదు. దూలం నుంచి గ్రామఫోను బూర ఒకటి తలకిందులుగా వేలాడుతుంది. గ్రామఫోను ఏ దేశంలో ఉందో ఎవరికీ తెలియదు. గోడకు ముళ్లు లేని గడియారం. వాలు కప్పు దంతెల చుట్టూ కాలువ పనుల కాడ పారేసిన సిమెంటు సంచుల కాగితం, కత్తెరతో పువ్వులుగా కత్తిరించింది. లోపలి వాకిలికి గాజుల తెర. ఊళ్లో పగిలిన గాజులన్నీ ఏరి, దీపం సెగకు వంచి, ఒకదానికొకటి కొలికి వేసి ఏడాది పాటు అల్లింది. అన్నిటికంటే ఆమెకు ఇష్టమైనవి జొన్నకంకుల మాలలు. పసుపు అంటుకుని ఉండాలని బెల్లం నీళ్లలో కలిపి, కంకుల్ని ముంచి ఆరబెట్టి కట్టింది. అవి పన్నెండు. పొద్దుటి ఎండ పడితే పడసాలంతా బంగారు రంగు తిరిగేది.

ఉలిగప్పకు మాత్రం ఎండ పడినా పడకపోయినా అది చెత్తే. ముందురోజు రాత్రే అన్నం ముందు ఆ మాట తేల్చి చెప్పాడు. "వచ్చే మంగళారం దాకా చూస్త. ఈ ఊర్ల ఒక్క మనిషి నీ సామాన్ మంచిగున్నదని నా చెవుల పడేటట్టు అనాలె. లేదంటే బండి కట్టి, ఎవని కాడ తెచ్చినవో వాని ముంగలనే పోసొస్త."

"అన్నరనుకో?"

"అంటే నేనే బండి కట్టి నిన్ను సంతకు తోలుకపోత. నోరు మూసుకోని."

గౌరవ్వ ఒప్పుకుంది. ఊళ్లో అన్ని నోళ్లున్నాయి, ఆరు దినాల్లో ఒక్కటి మంచిగా తెరుచుకోకపోతుందా అనుకుంది. అందరి కంట పడాలనే ఆ బోర్డును లోపల కాకుండా తలవాకిలి మీద కొట్టింది.

మొదట కంటపడింది గురునాథ్ సారుకే. ఆయన ముప్పై ఏళ్లు ఉర్దూ బడిలో చదువు చెప్పిన మనిషి. జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిసి మూడేళ్లయింది. ఆ మూడేళ్లలో ఆయన చేత ఒక్క కాగితం చదివించుకున్నవాడు లేడు. అంతా కన్నడ రాతైపోయింది, ఆయన కళ్లద్దాలు పెట్టె అడుగుకు చేరాయి. అలాంటిది బజారు మధ్యలో, నడినెత్తిన, నిండు ఉర్దూ బోర్డు. సారు దాన్ని మూడుసార్లు చదివాడు. ఒకసారి అర్థానికి, రెండుసార్లు ఆనందానికి.

తిన్నగా చాయ్ హోటలుకు వెళ్లి కూర్చుని, గౌరవ్వ ఇంట్లో సర్కారు గొడ్ల దవాఖాన పెట్టిందని చెప్పాడు. ఎవరో అనుమానపడి, ఇప్పుడు సర్కారు కన్నడలో కదా రాస్తుంది అన్నారు.

"పని చేసే సర్కారైతే ఉర్దూలనే రాస్తది," అన్నాడు సారు.

ఉర్దూ అక్షరాలున్న రేకు ఎక్కడుంటే అక్కడ కచేరీయో, ఠాణాయో, దవాఖానో ఉంటుందని పుట్టినప్పటి నుంచీ చూసిన ఊరది. ఉత్త చూడముచ్చటకు ఒకరు దాన్ని తెచ్చి తగిలించుకుంటారని ఎవరికి తోస్తుంది?

గురువారం తెల్లవారేసరికి వాకిట్లో సూగప్ప, వెనక అతని ఎద్దు. గౌరవ్వ మనసు ఉప్పొంగింది. వద్దన్నా వినకుండా లోపలికి పిలిచింది. సూగప్ప ఎద్దును కూడా పట్టుకొచ్చాడు. చూడవచ్చిన మనిషి ఎద్దును ఎందుకు తెస్తాడని ఆమె ఒక్క క్షణం అనుకుంది కానీ, బయట కట్టేయడానికి గుంజ లేదు కదా అని సర్దుకుంది.

"ఎట్లున్నది సూగప్పా?" అని అడిగింది, చెయ్యి గోడల చుట్టూ తిప్పి.

"ఏం చెప్పాలె అక్కా. రెండు దినాలాయె, గడ్డిపోచ ముట్టలె."

అది గోడల సంగతి కాదని గౌరవ్వకు అర్థమయ్యేలోపలే, గడ్డిపోచ ముట్టని ఆ ఎద్దు మెడ చాచి, కిటికీ పక్కనున్న జొన్నకంకుల మాలను అందుకుంది. బెల్లం రుచి నాలుకకు తగిలిందేమో, మాల మొత్తం నమిలి, దారంతో సహా మింగి, రెండో దాని వైపు చూసింది. సూగప్ప కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ ఎద్దే అతని సేద్యం, అతని బండి, అతని తిండి. గౌరవ్వకు వంగి దండం పెట్టి, మానవి ఊరి దవాఖానలో రెండు సీసాల మందు తాగించినా కానిది ఇక్కడ ఒక్క మాలతో అయిందని చెప్పి, నడిచినంత దూరం అదే మాట చెప్పుకుంటూ పోయాడు.

బోర్డు మీద ఏముందో గౌరవ్వకు అప్పుడు తెలిసింది. తీసేయాలని పీట వేసుకుని ఎక్కింది కూడా. పైన మేకు మీద చెయ్యి వేసినప్పుడు ఒక ఆలోచన తట్టి ఆగిపోయింది. బోర్డు తీస్తే మనుషులు రారు. మనుషులు రాకపోతే మంచిమాట అనేదెవరు? గొడ్డు కోసం వచ్చినవాడికైనా కళ్లుంటాయి కదా. మంగళవారం ఎంతో దూరం లేదు. ఆమె దిగి, పీటను మళ్లీ పొయ్యి దగ్గర పెట్టింది.

శుక్రవారం ఆరు గొడ్లొచ్చాయి. అందరికీ పసుపుమాల మందే కావాలి. గౌరవ్వ రైతు ఇంట్లో పుట్టింది. కడుపుబ్బరానికి వామూ ఇంగువా, గిట్ట పుండుకు వేపనూనె, ఇవన్నీ అలవాటుగా తెలిసినవే. మాల వద్దని అవే ఇచ్చి చూసింది. వామునీళ్లు తాగించాక కూడా వాళ్లు కదలరు, గోడ వైపు చూస్తూ నిలబడతారు. సూగప్పకు ఇచ్చి తమకు ఇవ్వకపోవడం సర్కారు దవాఖానలో న్యాయం కాదంటారు. ఆమె మనసు రాయి చేసుకుని ఒక్కో మాల తెంపింది. తెంపిన ప్రతిసారీ, పడసాల ఎట్లున్నదని అడిగింది. ఒకడు నేల జారుడుగా ఉందన్నాడు. ఒకడు ఇరుకుగా ఉందన్నాడు. ఒకావిడ చాలాసేపు నాలుగు వైపులా చూసి, గాలి ఆడితే బర్రెకు మంచిది అంది.

శనివారానికి గురునాథ్ సారు అరుగు మీద చాప వేసుకున్నాడు. ఎవరూ రమ్మనలేదు, కానీ ఉర్దూ బోర్డున్న చోట ఉర్దూ తెలిసిన మనిషి లేకపోతే పరువు ఉంటుందా? వచ్చినవాళ్ల పేర్లు వరసగా రాసుకుని, లోపల గోడ గడియారం వైపు ఒకసారి చూసి, "మీ టైమ్ అయింది," అని పంపేవాడు. దానికి ముళ్లు లేవని ఎవరూ అనలేదు. సర్కారు గడియారం కదా.

సామాను ఒక్కొక్కటే పనిలోకి దిగింది. కషాయం తాగించడానికి వెదురు గొట్టం దొరక్కపోతే, ఎవరో గ్రామఫోను బూర దింపి ఎద్దు నోట్లో పెట్టారు. అది ఎంత బాగా పనికొచ్చిందంటే మళ్లీ దూలానికి ఎక్కలేదు. మేక ఒకటి నాలుగు దంతెల సిమెంటు పువ్వుల్ని ముందుకాళ్లు గోడకు ఆనించి మరీ మేసింది. గాజుల తెరలో బర్రె కొమ్ము చిక్కుకుని, ఏడాది అల్లిక సగం దాకా జలజలా రాలింది. గౌరవ్వ కూర్చుని గాజుముక్కలన్నీ చేటలోకి ఏరుకుంది. బర్రెను తెచ్చిన ముసలమ్మ మాత్రం, మనసున్న దాక్టరమ్మ, తిట్టలేదు అని మెచ్చుకుంది. మెచ్చుకున్నది ఆమెను, తెరను కాదు.

ఉలిగప్ప ఇదంతా ఎలా ఓర్చుకున్నాడని అడగవచ్చు. మొదటిరోజు గుమ్మంలో పేడ తొక్కి కోపంగానే లోపలికొచ్చాడు. రెండోరోజు ఆ పేడను పారతో ఎత్తి దిబ్బ మీద వేశాడు. మూడోరోజు దిబ్బ ఎత్తు చూసి, ఈ ఏడు నాలుగెకరాలకు ఎరువు చాలుతుందని లెక్కగట్టాడు. ఆదివారం పక్క ఊరి మనిషి ఒకడు పలుపుతాడు చేతికిచ్చి "దాక్టర్ సాబ్" అని పిలిస్తే కాదనలేదు. ఆ సాయంత్రం గౌరవ్వ అలసిపోయి, బోర్డు తీసేద్దామా అంది.

"ఎందుకు తియ్యాలె?" అన్నాడు ఉలిగప్ప. "మంచిగ నడుస్తున్నది కదా."

"మంచిగున్నదంటివా?"

"నడుస్తున్నదంటి. నా మాట ఊరి మాట కాదు. మంగళారం మంగళారమే."

సోమవారం మధ్యాహ్నం సైకిలు మీద ఒకాయన వచ్చాడు. తెల్లచొక్కా, పసిమొహం, వరసలో చివర నిలబడి చెమట తుడుచుకుంటున్నాడు. గొడ్డేదని సారు అడిగితే, గొడ్డు లేదని తలవంచుకున్నాడు. ఆయన మానవి నుంచి వచ్చిన పశువుల ఇన్స్పెక్టరు, ధారవాడ వైపు మనిషి. మల్లట్‌లో సర్కారు కొత్త దవాఖాన తెరిచిందనీ, అక్కడి మందు ముందు మానవి మందు దండగనీ విని, తన జాగాలో ఇంకొకరిని వేశారేమో, తనకు ఏ అడవికి బదిలీ రాశారో కనుక్కోవడానికి వచ్చాడు. పాపం, అంతసేపూ గౌరవ్వను బయటి నుంచే చూసి "మేడం" అంటూనే ఉన్నాడు.

సంగతి బయటపడ్డాక ఆ భయమంతా కోపమైంది. సర్కారు బోర్డు సొంత ఇంటికి కొట్టుకోవడం నేరమన్నాడు. పంచనామా రాయాలన్నాడు. వరసలో ఉన్నవాళ్లు గొడ్లను విప్పుకుని ఒక్కరొక్కరే జారుకున్నారు. సూగప్ప ఒక్కడే ఎద్దుతో సహా నిలబడ్డాడు. గౌరవ్వ భయపడింది. జైలు తలపుకు కాదు. రేపు మంగళవారం, ఊరంతా వెళ్లిపోతోంది, మంచిమాట ఇంకా రాలేదు.

ఇన్స్పెక్టరు బోర్డుతో మొదలుపెట్టాడు. ఆయనకు ఉర్దూ రాదు, సారుకు కన్నడ రాదు. సారు చదివింది గౌరవ్వ కన్నడలో చెప్పగా, ఆయన రాసుకున్నాడు. తర్వాత లోపల ఏమేమి పట్టుకోవాలన్న చర్చ వచ్చింది. సారు న్యాయం తప్పని మనిషి. బోర్డు కింద ఉన్నదంతా దవాఖాన సామానే అవుతుందని తేల్చాడు. గౌరవ్వ ఆయన వైపు చూసిన చూపుకు ఇంకొకరైతే చాప చుట్టుకుని పోయేవారు.

ఇన్స్పెక్టరు పడసాలలోకి అడుగుపెట్టి, కాగితం మీద కలం ఆనించి, అలాగే ఆగిపోయాడు. సాయంకాలం ఎండ సగం తెగిన గాజుల తెర గుండా పడి గోడంతా ఎరుపు, ఆకుపచ్చ చుక్కలు పొదిగినట్టుంది. మేకకు అందని చివరి దంతె చుట్టూ కాగితం పువ్వులు కదులుతున్నాయి. అడుగున కషాయం మరకతో బూర ఒక మూల నిలబడి ఉంది. ఆయన ఒక్కో వస్తువు దగ్గరా నిలబడ్డాడు, రాయాల్సినదానికంటే ఎక్కువసేపే నిలబడ్డాడు. ఈ తెర ఎవరు అల్లారని అడిగాడు. నేనే అంది గౌరవ్వ. గాజును పగలకుండా ఎలా వంచారన్నాడు. దీపం ఎంత దూరంలో పెట్టాలో, ఊపిరి ఎప్పుడు బిగబట్టాలో ఆమె చెప్పింది. ఆయన కలానికి మూత పెట్టేశాడు.

"భాళ చంద అదావ," అన్నాడు మెల్లగా, కన్నడలో, తనకు తానే చెప్పుకున్నట్టు. చాలా అందంగా ఉన్నాయని.

గౌరవ్వ రెండంగల్లో పెరట్లోకి వెళ్లి, పేడచేతులతో ఉన్న మొగుణ్ణి మోచేయి పట్టుకుని తీసుకొచ్చి నిలబెట్టింది.

"ఇన్స్పెక్టరు సారూ, ఇప్పుడన్న మాట ఇంకోసారి అనుండ్రి. ఈయన విన్లేదు."

ఇన్స్పెక్టరు బిత్తరపోయి మళ్లీ అన్నాడు. ఉలిగప్ప విన్నాడు. దూలం వైపు చూసి, "ఊరి మనిషి కాదు కదా," అన్నాడు.

"ఊరి మనిషి కాడు. సర్కారు," అంది గౌరవ్వ. "ఊరికంటే పెద్దది."

ఉలిగప్ప పేడచేతులు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాడు. గౌరవ్వ పంచనామా మీద వేలిముద్ర వేసింది. ఆ రాత్రి కడుపునిండా తిని నిద్రపోయింది.

మంగళవారం ఉలిగప్ప బండి కట్టాడు, చెప్పినట్టే సామానంతా ఎక్కించాడు. కానీ బండి సిరవార వైపు కాదు, మానవి వైపు పోయింది. ఆఫీసు కప్పు కురుస్తుందనీ, సాక్ష్యంగా పట్టుకున్నవి తడిస్తే కేసు పోతుందనీ, అన్నీ తన క్వార్టర్సులోనే దింపమని ఇన్స్పెక్టరు చెప్పాడు. వెళ్లేటప్పుడు గౌరవ్వ గుమ్మం దాటి రాలేదు. ఖాళీ పడసాలలో కూర్చుని మేకుల గుంతలు చూసుకుంది. గెలిచిన మాట చెవుల్లో ఉంది, గెలిపించిన సామాను బండిలో పోయింది.

ఉలిగప్ప దీపాలు పెట్టే వేళకు తిరిగొచ్చాడు. కాళ్లు కడుక్కుని, చెంబెడు నీళ్లు తాగాడు.

"నాతోనే మేకులు కొట్టిచ్చుకున్నడు," అన్నాడు చివరికి. "తెర నడిమింటికి. గడియారం మంచం కాడ. బూర ఎంత ఎత్తుల కట్టాలెనో నిన్ను అడిగి రమ్మన్నడు. పెండ్లాం ధారవాడ నుంచి వస్తదట. బోడి గోడలు చూసి పోయినసారి మూడు దినాలు గూడ ఉండలేదట."

గౌరవ్వ మొహం పక్కకు తిప్పుకుంది, నవ్వు కనపడకుండా.

"వచ్చే మంగళారం సంతకు పోదాం. తోలుకపోత," అన్నాడు ఉలిగప్ప. "మాటంటే మాటే."

"కేసు సంగతేంది?"

"నడుస్తున్నదట. గట్టిగ నిలబడాలెనంటే ఇంకో రెండు కిటికీలకు సరిపడా సాక్ష్యం కావాలెనన్నడు."