మేకాభ్యుదయ మహిళా సమాఖ్య

ఈ పరాయి దేశపు ఊరు జోంబాలో మా పక్కింటి జైలోసిని నేను చాలా ఏళ్లుగా ఎరుగుదును. ఆ పేరు వినగానే నా తెలుగు చెవికి అందులో జైకొట్టడమూ వినిపిస్తుంది, జైలూ వినిపిస్తుంది. అతను ఏ పని మొదలుపెట్టినా ఈ రెండింటిలో ఏది ముందు వస్తుందో తెలియక, అతని భార్య ఫైనెస్ ఎప్పుడూ ఒక చెవి అతని వైపే వేసి ఉంచుతుంది.

ఆ ఏడు అతనికి విదేశీ సహాయం పట్టుకుంది. జలుబు పట్టుకున్నట్టే పట్టుకుంది, పక్కవాళ్లకు కూడా అంటుకునేలా. ఏదో దేశపు ప్రభుత్వం వాళ్ల సహాయ సంస్థ మా ఊళ్లో ఆఫీసు తెరిచింది. కౌన్సిల్ హాల్లో అందరినీ పిలిచి, మా దగ్గర గ్రాంట్లున్నాయి, కాంట్రాక్టులున్నాయి, ప్రకటనలు ఫోన్లో ఎవరైనా చూడొచ్చు, చూడటానికి ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు అని చెప్పారు. భార్యాభర్తలిద్దరూ వెళ్లి విన్నారు. ఫైనెస్ చివరిదాకా కూర్చుంది. జైలోసి మండాజీలనే నూనె బూరెలు, టీ ఇచ్చేదాకా కూర్చున్నాడు.

మర్నాడు దడి అవతల నిలబడి నాకు జ్ఞానబోధ చేశాడు.

"కాంట్రాక్టంటే పని చేసి డబ్బు తీసుకోవడం. గ్రాంటంటే డబ్బు తీసుకుని పని చేయడం. తెలివంతా ఆ వరసలోనే ఉంది."

డబ్బు తీసుకున్నాక పని సంగతేమిటని అడిగాను.

"అదే చెబుతున్నాను. వరసలో అది తర్వాత."

మేకలు పెంచే మహిళా సంఘాలకు గ్రాంటు ఇస్తామన్న ప్రకటన ఒకటి అతని కంటపడింది. మొత్తం చదివావా అంటే చదివానన్నాడు. నిజమే. అందులో ఉన్న డబ్బు మొత్తం చదివాడు, మిగతాది చదవలేదు. ఆ సాయంత్రమే "జోంబా మేకాభ్యుదయ మహిళా సమాఖ్య" పుట్టింది, పుట్టగానే దరఖాస్తూ పెట్టింది. డైరెక్టరు జైలోసి. అధ్యక్షురాలు ఫైనెస్. ఆ సంగతి అధ్యక్షురాలికి భోజనాల దగ్గర, ఎన్సిమా అనే మొక్కజొన్న సంకటి ముద్ద నోట్లో ఉండగా తెలిసింది.

"మహిళలెవరు, తదాల నాన్నా?" అని అడిగింది. తదాల వాళ్ల కూతురు, బ్లాంటైర్‌లో నర్సు చదువుతోంది.

"నువ్వు."

"ఇంకా?"

"నువ్వే. కాస్త బహువచనంలో."

"మేకలో?"

"వస్తాయి."

భార్య మూడు ప్రశ్నలతో ఆగిపోయిందంటే మరొకరైతే భయపడేవారు. జైలోసి మాత్రం తన వాదనాబలానికి తానే ముచ్చటపడి ఇంకో ముద్ద పెట్టించుకున్నాడు.

ఫైనెస్‌కు పెరటి నిండా అడవి చెట్ల మొక్కలున్నాయి. ఎంబావా, మసుకు, ఇంకా నాకు పేర్లు నోరు తిరగనివి. తుపానుకు కొండ మీది మట్టి జారి మా వీధిలోకి వచ్చిన ఏడు మొదలుపెట్టింది. చెట్లుంటే ఆ మట్టి అక్కడే ఆగేది కదా అని ఆమెకు ఒక పట్టుదల. విత్తనాలకు తానే అడవికి వెళ్లేది, సంచుల్లో తానే మట్టి నింపేది, బాత్రూం నీళ్లు కూడా వాటికే పోసేది. అమ్మకం మాత్రం అంతంతమాత్రం. కొన్నవాళ్లు నాటేవారు, నాటినవి మేకలు తినేవి, మళ్లీ కొనడానికి ఎవరికీ మనసొప్పేది కాదు.

కొండ మీద నాటడానికి మొక్కలు కావాలని అదే సంస్థ ఒక కాంట్రాక్టు ప్రకటించింది. ఒక చేత్తో మేకల్ని పెంచమనడం, ఇంకో చేత్తో మేకలు తినే మొక్కల్ని నాటమనడం ఏమిటని మీరడగొచ్చు. పెద్ద సంస్థ కదా, చేతులెక్కువ. ఫైనెస్ దాన్ని చివరి వాక్యం దాకా చదివి దరఖాస్తు పెట్టింది. మొక్కలిస్తే చాలదు, వాటిని మేకల నుంచి ఎలా కాపాడతారో అధికారుల కళ్లెదుట చూపించాలని ఆ చివరి వాక్యంలో ఉంది. ఆమె వెదురుతో పొడవాటి బుట్టలు అల్లి మొక్కకొకటి బోర్లించింది. ఇక చూపించడానికి మేకలు కావాలి. ఊళ్లో అందర్నీ అడిగింది. తమ మేకలు అధికారుల కళ్లెదుటే పరాయి పెరట్లో తింటూ పట్టుబడతాయని ఎవరూ ఇవ్వలేదు. చిల్వా సరస్సు దగ్గరుండే తన అన్న కెనాసిని కూడా అడిగింది. అంత దూరం తోలుకురావడం తన వల్ల కాదన్నాడు.

బుట్టలు ఎండ తగలకుండా అనుకున్న జైలోసికి ఇదేదీ తెలియదు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను మోగితే తీశాడు. గురువారం మా అధికారి మీ ఇంటికి వచ్చి చూస్తారని అవతలివాళ్లు చెప్పారు. దేనికి అని అడిగే అలవాటు అతనికి లేదు. పెట్టేసి, అప్పటికప్పుడు బస్సెక్కి కెనాసి బావ దగ్గరికి వెళ్లాడు. ఒక్కరోజుకు మందను అరువిస్తే, గ్రాంటు రాగానే మేకలకు రేకుల కొట్టం వేయిస్తానని మాటిచ్చాడు. లారీ కూడా తనే మాట్లాడుకున్నాడు. అతనికి ఎండు చేపలు పెట్టి పంపించాక కెనాసి చెల్లెలికి ఫోను చేశాడు.

"మీ ఆయన మేకలడుగుతున్నాడు. ఇవ్వనా?"

"ఇవ్వు, అన్నా," అంది ఫైనెస్. "ముందురోజు మేత మాత్రం పెట్టకు."

గురువారం పొద్దున జైలోసి పెళ్లినాటి కోటు వేసుకున్నాడు. గుమ్మం మీద సమాఖ్య పేరు రాసిన గుడ్డ కట్టాడు. నన్ను సమాఖ్య సలహాదారుగా కుర్చీలో కూర్చోబెట్టాడు. సంస్థ కారు వచ్చింది, అందులోంచి నామలోంబ అనే పెద్దావిడ దిగింది. ఆమె మా ఊరి మనిషే, మాట తక్కువ. జైలోసి ఎదురెళ్లి స్వాగతం చెబుతూ, అభివృద్ధి అనే మాటను వాక్యానికి రెండుసార్లు వాడుతూ, మేకలున్న లారీ తలుపు తీయించాడు.

అవి దిగలేదు, కురిశాయి. ముందు గుమ్మం మీది గుడ్డలో "మహిళా" పోయింది, తర్వాత "అభ్యుదయ" పోయింది. చివరికి ఒక్క "మేక" మిగిలింది. ఒకటి కారెక్కి నిలబడింది. ఒకటి నా కుర్చీ వెనక చేరి సలహాదారు చొక్కా రుచి చూసింది. జైలోసి కోటు జేబులో ఉపన్యాసం రాసుకున్న కాగితం ఉండేది. అది ఒక మేకపోతు విని అరిగించుకుంది.

అప్పుడు మంద పెరటి వైపు తిరిగింది.

జైలోసి ముఖంలో రంగు మారడం నేను చూశాను. గ్రాంటు, కోటు, నామలోంబ, అన్నీ మరిచిపోయి పరుగెత్తాడు. మొక్కల ముందు చేతులు బార్లా చాపి నిలబడ్డాడు. కొమ్ము మోకాలికి తగిలినా కదల్లేదు.

"ఇవి మా ఆవిడవి," అన్నాడు మేకలతో, మనుషులతో అన్నట్టే.

ఫైనెస్ మెల్లగా వచ్చి అతని చేయి పట్టుకుని పక్కకు జరిపింది.

"వదిలెయ్, తదాల నాన్నా. తిననీ."

భార్యకు మతి పోయిందనే అనుకున్నాడు పాపం. మేకలు మీద పడ్డాయి. బుట్టల్ని కొరికాయి, తన్నాయి, కొమ్ములతో పొడిచాయి, ఒకటి ఎక్కి కూర్చుంది కూడా. నామలోంబ గొడుగు నీడలో నిలబడి చాలాసేపు చూసింది. ఆకలి తీరక విసిగిన మేకలు దడి దూకి మా వంకాయ తోటలోకి వచ్చాయి. అది నా కష్టం, దాన్నెవరూ కథల్లో చెప్పరు. బుట్టల్లో మాత్రం ఒక్క ఆకు చిరగలేదు.

నామలోంబ ఒక బుట్ట ఎత్తి మొక్కను చూసి, మళ్లీ జాగ్రత్తగా బోర్లించింది. "ఇంత ఆకలి మేకల్ని ఎక్కడ సంపాదించారు?" అని ఫైనెస్‌ను అడిగింది.

"మా ఆయన తెచ్చారు. లారీ కూడా ఆయనే మాట్లాడారు," అంది ఫైనెస్ వినయంగా.

జైలోసికి ఇందులో ఏం జరిగిందో అప్పటికి సగమే అర్థమైంది. ఆ సగం ధైర్యంతోనే గ్రాంటు సంగతి ఎత్తాడు. నామలోంబ కాదనలేదు. మీ దరఖాస్తు కూడా అందింది, రెండేళ్లు నడిచిన సంఘాలకే ఇస్తాం, మీది ఎప్పటి నుంచి నడుస్తోందని అడిగింది. అతను గొంతు సవరించుకునే లోపల అధ్యక్షురాలు జవాబిచ్చింది.

"పోయిన మంగళవారం నుంచి."

కాంట్రాక్టు ఫైనెస్‌కే వచ్చింది. వర్షాలు మొదలయ్యే నాటికి కొండ మీద బుట్టలు వరసగా కనిపించసాగాయి. మేకల్ని తిరిగి చిల్వాకు దింపింది జైలోసే, ఈసారి లారీలో కాదు, నడిపించుకుంటూ. కెనాసి బావకు రేకుల కొట్టం ఫైనెస్ తన సంపాదనతో వేయించింది, మొగుడిచ్చిన మాట కదా అని.

ఇప్పుడు అతను పొద్దున్నే అరుగు మీద కూర్చుని బుట్టలు అల్లుతాడు. మొదట అల్లినవాటిలో మొక్క దూరేది కాదు, మేక దూరేది. ఇప్పుడు చేయి తిరిగింది, నిజం చెప్పాలంటే బాగా అల్లుతున్నాడు. దారిన పోయేవాళ్లు ఏం చేస్తున్నావని అడిగితే కాలు మీద కాలేసుకుని, విదేశీ ప్రభుత్వంతో కలిసి పనిచేస్తున్నానంటాడు.

నిన్న అలా అంటుంటే లోపలి నుంచి ఫైనెస్ గొంతు వినిపించింది.

"ఆ ప్రభుత్వానికీ నీకూ మధ్యలో నేనున్నాను, తదాల నాన్నా. అల్లు."

అతను నా వైపు చూసి, దగ్గి, అల్లాడు.