చిత్రిక పొట్టు పాఠం

పొద్దున్నే వడ్రంగి అనుకున్న పనులు రెండే. ఎనిమిదింటికి కుక్కపిల్ల చేత షెడ్డు మూలన పోయించాలి. తొమ్మిదింటికి హెడ్మాస్టరుగారి శవపెట్టె అప్పజెప్పాలి. రెండూ అయితే ఆ రోజు గండం గడిచినట్టే.

గండం అక్క పెట్టింది. కింద షెడ్డు తమ్ముడిది, పైన ఇల్లు ఆమెది. "రేపు కుక్కల బండి వస్తుంది. ఈలోపు ఇంకొక్కసారి నా ఇంట్లో తడి కనబడిందా, నేనే ఎత్తి బండిలో పడేస్తాను" అని ముందురోజే చెప్పింది. అన్న మాట తప్పే మనిషి కాదు. ఆ బండెక్కిన కుక్క ఏదీ తిరిగి రాలేదు. వడ్రంగికి మాత్రం కుక్కపిల్ల కావాలి. పెట్టెల కోసం వచ్చేవాళ్లకు కబుర్లాడే ఓపిక ఉండదు. ఈ పిల్ల వచ్చాకే షెడ్డులో అతని గొంతు అతనికి వినబడుతోంది.

పిల్లకు తెలివి లేక కాదు, నిలకడ లేక. మొదలుపెడుతుంది, ఈగ కనబడుతుంది, సగంలో ఆపి దాని వెంట పోతుంది. ఈగ సంగతి తేలాక మిగతా సగం గుర్తొస్తుంది. అప్పటికి అక్క చెప్పులే దగ్గరగా ఉంటాయి. అందుకని పది రోజులుగా మూలన, చెక్క చిత్రిక పట్టగా రాలిన పొట్టు కుప్ప పోసి, ఒకటే పాఠం చెబుతున్నాడు: పొట్టు వాసన వచ్చిన చోటే పని కానివ్వాలి. కానిస్తే ఒక శభాష్, ఒక బిస్కెట్టు.

ఆ రోజు పిల్ల కుప్ప దాకా వెళ్లింది. చీమను చూసింది. చీమ వెంట పోయింది. చీమ శవపెట్టె ఎక్కింది. మోసేటప్పుడు లోపలి మనిషి కదలకుండా వడ్రంగి పెట్టె అడుగున పొట్టు పరిచి, పైన తెల్లగుడ్డ బిగిస్తాడు. పిల్ల లోపలికి దూకింది, గుడ్డను వాసన చూసింది, కూర్చుంది, అటూ ఇటూ చూడకుండా మొత్తం కానిచ్చింది. పుట్టాక అది చివరికంటా చేసిన మొదటి పని అదే.

"శభాష్" అన్నాడు వడ్రంగి, అలవాటుగా.

"బాగా కుదిరినట్టుందే" అన్నారెవరో గుమ్మంలోంచి.

చనిపోయిన హెడ్మాస్టరుగారి కొడుకు. యాభై ఏళ్ల మనిషి, గంట ముందే వచ్చాడు. వడ్రంగి పిల్లను చంకన పెట్టుకుని పెట్టెకు అడ్డంగా నిలబడ్డాడు. ఆయన పక్కనుంచి వంగి చూశాడు.

"ఈ మరకేంటి?"

"పాలిష్ అండీ."

ఆయన వేలు పెట్టి చూశాడు. "వెచ్చగా ఉందే."

"ఇప్పుడే వేశాను కదండీ."

మాటలు విని అక్క మెట్లు దిగింది. "టీ ఒలకబోశావా? పెట్టెల దగ్గర గ్లాసు పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాలిరా నీకు?"

"పాలిష్ అంటున్నాడమ్మా" అన్నాడాయన.

"గుడ్డకెవరు వేస్తారండీ పాలిష్?" అక్క వంగింది. సగంలోనే ఆగి, ముక్కు మూసుకుని తమ్ముడి వైపు చూసింది. చంకలో పిల్ల తనకు రావలసిన బిస్కెట్టు కోసం అతని జేబు నాకుతోంది.

వడ్రంగి నిజం ఒప్పేసుకున్నాడు. "కుక్కపిల్ల పనండీ. నేనే నేర్పాను, దాని తప్పు లేదు. పది నిమిషాలివ్వండి, గుడ్డా పొట్టూ మార్చేస్తాను."

వీధి చివర కుక్కల బండి వస్తున్న చప్పుడైంది.

"పదకొండేళ్లొచ్చేదాకా నేను పక్క తడిపేవాణ్ణి" అన్నాడాయన. "ఆ పరుపు నా నెత్తిన పెట్టి, గంట కొట్టేదాకా బడి గేటు దగ్గర నిలబెట్టేవారు నాన్నగారు. పిల్లలందరూ నా ముందునుంచే లోపలికి పోయేవాళ్లు." మరకను ఇంకోసారి చూశాడు. "ఏమీ మార్చొద్దు. ఇందులోనే పడుకోబెడదాం."

పిల్ల తల నిమిరి, తన డ్రైవరుతో కలిసి ఆయనే పెట్టె మోసుకుపోయాడు.

కుక్కల బండి వచ్చి షెడ్డు ముందు ఆగింది. "ఏదో ఇస్తానన్నావటగా అక్కా?" అన్నాడు బండివాడు.

అక్క పెట్టె వెళ్లిన వైపు ఓసారి చూసింది. "ఇంట్లో తడిపితే అన్నాను. ఇది షెడ్డు. నువ్వు పో."

మర్నాటినుంచి వడ్రంగి పొట్టు పరిచిన ప్రతి పెట్టెకూ మూత పెట్టి ఉంచుతున్నాడు, కొడుకులెవరైనా ముందుగా వచ్చి వద్దంటే తప్ప.