డబ్బీకి గొంతు పెట్టిన వైనం

బావుల నమోదు శాఖవారు తమ ఉద్యోగుల జేబు డబ్బీలకు ఫోను సౌకర్యం కల్పించాలని నిర్ణయించి, అందుకు కావలసిన గొంతులను ఎవరి ఇంటినుంచి వారే తెచ్చుకోవాలని సోమవారంనాడు సర్క్యులర్ పంపారు. ఇందులో నోరెళ్ళబెట్టాల్సిందేమీ లేదు. అరచేతిలో ఇమిడే ఆ డబ్బీల్లో ఇంటర్నెట్టు మూడేళ్ళుగా ఉంది. ఏ ఊళ్ళో ఎన్ని బావులున్నాయో, ఎన్ని పూడ్చేశారో తెర మీద చూసుకోవచ్చు. మాట్లాడ్డానికి మాత్రం వీల్లేదు. చెవికొకటి, నోటికొకటి చిల్లులు పొడిపించడానికి నిధులొచ్చాయిగానీ, గొంతుకి రాలేదు. గొంతు లేనిది ఫోనెలా అవుతుంది?

సర్క్యులర్ వెనక ఒక ఫారం కూడా ఉంది. ఇంట్లో వాడకం తక్కువగా ఉన్న గొంతు ఒకటి ఇవ్వాలి. వాడకమంటే ఎన్ని మాటలు మాట్లాడారన్నది కాదు, వాటిలో ఎన్నిటికి జవాబొచ్చిందన్నది లెక్క. కింద ఇంటి యజమాని సంతకం చాలు. గొంతు గలవారి సంతకం అక్కర్లేదు. వాళ్ళకి చెప్పి తీరాలన్న నిబంధన కూడా ఎక్కడా లేదు.

సీనియర్ అసిస్టెంట్ భానుమూర్తి ఇంట్లో నాలుగు గొంతులున్నాయి. తనది, భార్య శ్యామలది, కూతురు హారికది, అక్కయ్య పేరిందేవిది. పెళ్ళైన రెండేళ్ళకే భర్త పోతే పుట్టింటికి తిరిగొచ్చి, తల్లిలేని తమ్ముణ్ణి అన్నీ తానై పెంచిన మనిషి పేరిందేవి. ఆవిడ పొద్దున లేచింది మొదలు మాట్లాడుతూనే ఉంటుంది. పాలవాడు నీళ్ళు కలుపుతున్నాడంటుంది, మోకాలు పట్టేసిందంటుంది, చిన్నప్పుడు నీకు తట్టు పోసినప్పుడు ఏమైందో తెలుసా అంటుంది. ఎన్ని చెప్పినా భానుమూర్తి "ఊఁ" అంటాడు. మరి ఊఁ అన్నది జవాబు కింద వస్తుందా రాదా? ఆ సందేహం తీర్చుకుందామని అతను సూపరింటెండెంట్ గోపాలస్వామిని అడిగాడు.

"ఊఁ అనేది జవాబెలా అవుతుందయ్యా? అది శబ్దం," అన్నారాయన. ఆయన అప్పటికే వాళ్ళావిడ పేరు రాసేశారు.

అలా చూస్తే అక్కయ్య ఖాతాలో వారం మొత్తానికి సున్నా తేలింది. పెన్ను కాస్త ఆగిందిగానీ, లెక్క లెక్కే కదా అని భానుమూర్తి పేరు రాసి సంతకం పెట్టేశాడు. సెక్షన్లో మిగతా పదకొండుమంది మగవాళ్ళు భార్యల పేర్లో అమ్మల పేర్లో రాశారు. ఉన్న ఒక్క ఆడమనిషి తాయారుగారు మాత్రం తన పేరే రాసుకుంది. అదేంటమ్మా అంటే, "మా ఇంట్లో లెక్క తీస్తే నాదే తేలిందండీ," అని ఫారం ఇచ్చేసి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆవిడ మాట్లాడలేదు.

గురువారం పొద్దున పదిన్నరకి, "భానూ, నీ క్యారేజీలో చారు..." అని వీధి గుమ్మం దాకా వచ్చిన పేరిందేవి గొంతు అక్కడితో ఆగిపోయింది. చారు సంగతేమిటో ఇప్పటికీ తెలీదు. ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. ఆరో రోజున శ్యామల, "కార్తీకం కదా, వదినగారు మౌనవ్రతం పట్టినట్టున్నారు. ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో!" అంది. భానుమూర్తి తేలు కుట్టిన దొంగలా అన్నం కలుపుకున్నాడు.

ఆఫీసులో మాత్రం డబ్బీకి మంచి పేరొచ్చింది. జనం ఫోను చేస్తే భానుమూర్తి తెర మీద జవాబు టైపు చేసేవాడు, డబ్బీ దాన్ని పేరిందేవి గొంతుతో చదివేది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు కదా, పూడిపోయిన బావుల తాలూకు రైతులు కూడా తిట్టడం మానేశారు. "ఆ అమ్మ మాట్లాడుతుంటే వినబుద్ధేస్తుందండీ," అని ఒకాయన పనేమీ లేకపోయినా రోజూ ఫోను చేసేవాడు.

రెండోవారంలో భానుమూర్తి పాత రిజిస్టర్లు దులుపుతుంటే ముక్కులోకి దుమ్ము వెళ్ళి పెద్ద తుమ్ము వచ్చింది.

"చిరంజీవ! నూరేళ్ళు!" అంది జేబులో డబ్బీ.

పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ అతను తుమ్మినప్పుడల్లా అక్కయ్య అనే మాట అది. ఇంట్లో ఇన్నాళ్ళుగా ఎన్నిసార్లు తుమ్మినా ఎవరూ అనలేదన్న సంగతి అప్పుడు తట్టింది. రెండో తుమ్ము కూడా వచ్చింది. "చిరంజీవ! మిరియాల పాలు తాగి పడుకో నాన్నా," అంది డబ్బీ. సెక్షనంతా తలలెత్తి చూసింది. భానుమూర్తికి తల కొట్టేసినట్టయింది. ఛీ, తన గొంతు ఊడబెరికినవాడికి కూడా నూరేళ్ళు ఇస్తోందే!

గోపాలస్వామి కళ్ళజోడు సర్దుకుని, "చిరంజీవ అన్నది శాఖ ఆమోదించిన మాటల జాబితాలో లేదే!" అన్నారు.

మర్నాడు మెమో వచ్చింది. ప్రభుత్వ గొంతుతో సొంత దీవెనలు పొందినందుకు సంజాయిషీ ఇవ్వాలి. మూడు రోజుల్లో ఆ మాటను తొలగించడానికి సమ్మతిస్తూ సంతకం చెయ్యాలి, లేదా డబ్బీని వాపసు చెయ్యాలి. డబ్బీ వాపసు చేసినవారు విధులకు పనికిరారు.

గొంతు వెనక్కి తీసుకునే దారి ఏదైనా ఉందా అని భానుమూర్తి నిబంధనలు తిరగేశాడు. ఉంది. గొంతు గలవారు స్వయంగా హాజరై, నోటిమాటగా అడగాలి.

ఆ సాయంత్రం అతను పెరట్లో చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న అక్కయ్య ఎదుట చతికిలబడ్డాడు. "అక్కా, నీ గొంతు పోలేదే. నేనే ఆఫీసుకి రాసిచ్చేశాను. నీ మాటకి ఈ ఇంట్లో జవాబు లేదని నేనే లెక్కేసి సంతకం పెట్టాను," అన్నాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. పేరిందేవి తమ్ముడి గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకుంది. బొటనవేలు పెదాల దగ్గర పెట్టి, ఆఫీసు ఉన్న దిక్కుకి చెయ్యి చూపించి, కనుబొమలు ఎగరేసింది. అక్కడ నా మాట వింటున్నారా అని అడుగుతోంది.

"వింటున్నారక్కా. రోజూ ఫోను చేసి మరీ వింటున్నారు."

ఆవిడ మొహం విప్పారింది. అతనికి ఏడుపాగలేదు. రేపే డబ్బీ వాళ్ళ మొహాన కొట్టేస్తానన్నాడు. ఆవిడ అడ్డంగా తలూపి, చిక్కుడుకాయల గిన్నె అతని ఒళ్ళో పెట్టి లోపలికెళ్ళింది.

మర్నాడు డబ్బీని గోపాలస్వామి బల్లమీద పెట్టేదాకా అతను ఆ మాట మీదే ఉన్నాడు. "ఇంకా తొమ్మిదేళ్ళ సర్వీసుందయ్యా," అన్నారాయన. పెన్ను కూడా ఆయనే అందించారు. భానుమూర్తి సంతకం చేశాడు. చిరంజీవ, నూరేళ్ళు, మిరియాల పాలు, నాన్నా, మొత్తం నాలుగు మాటలు తొలగించినట్టు రసీదిచ్చారు. పరీక్ష కోసం తుమ్మమంటే, ముక్కులో కాగితం పుల్ల పెట్టుకుని తుమ్మాడు. "మీ తుమ్ము నమోదైంది. ధన్యవాదాలు," అంది డబ్బీ అక్కయ్య గొంతుతో. గోపాలస్వామి సంతృప్తిగా తలాడించారు.

ఇంటికొచ్చి భానుమూర్తి కుర్చీలో కూలబడి డబ్బీ తీశాడు. శ్యామల చేతిలో ఫోను, హారిక చేతిలో ఫోను. వంటింట్లో పోపు ఘాటుకి అతనికి తుమ్మొచ్చింది.

పేరిందేవి పోపు గరిటె పట్టుకునే గుమ్మంలోకి వచ్చింది. ఆవిడ పెదాలు కదిలాయి. ముందు చిన్నగా, తర్వాత కాస్త పెద్దగా. ఏమంటోందో అతనికి తెలుసు. లేచి వెళ్ళి ఏదో ఒక జవాబు చెప్పాలని కూడా తెలుసు. అతను తల దించుకుని, డబ్బీలోకి చూస్తూ, "ఊఁ" అన్నాడు.