మా పొగ అలారం చల్లగా ఉండాలి!

పొగ అలారాన్ని తిట్టేవాళ్లకు ఒక పూట అన్నం పెట్టకూడదని నేనంటాను. కోపం తెచ్చుకోకండి, ముందు నా లెక్క వినండి!

ఈ మధ్య కట్టే ఇళ్లలో వంటగది పైకప్పుకి సాసరంత తెల్లటి డబ్బా ఒకటి బిగిస్తున్నారు కదా. ఇల్లు అంటుకుంటే అరవడం దాని ఉద్యోగం. పాపం, దానికి ఉద్యోగభక్తి కాస్త ఎక్కువ. ఆమ్లెట్ అంచు ఎర్రబడినా అరుస్తుంది. బ్రెడ్ కాల్చినా అరుస్తుంది. గిన్నె మూత తీస్తే లేచే ఆవిరికి కూడా ఒకసారి గొంతు సవరించుకుంటుంది. జనం దాన్ని తిడతారు, బ్యాటరీ పీకేస్తారు, కొందరైతే ప్లాస్టిక్ కవరు తొడిగి రబ్బరు బ్యాండు బిగిస్తారు. ఎంత అన్యాయం!

నేను వంటసామాన్ల వ్యాపారిని. అడుగంటదని నమ్మబలికి ఊరందరికీ పెనాలు అంటగట్టాను. ఆ పెనాల మీద నేనే వండాల్సిన రోజు వస్తుందని మాత్రం అనుకోలేదు. తనకి ఆఫీసులో పై ఉద్యోగం వచ్చిన రోజున మా ఆవిడ, "పొద్దుటి వంట నాది, రాత్రి వంట మీది. బేరాల్లేవు" అంది. ఎవరితో? నాతో!

సరే, నేర్చుకున్నాను. ఉప్పు రెండుసార్లు వేయడం, అసలే వేయకపోవడం, కుక్కర్లో నీళ్లు పోయడం మరిచిపోవడం... కొత్తగా కొట్టు పెట్టినవాడికి ఈ మాత్రం నష్టాలు తప్పవు. వాటికి నేను బెదరలేదు. నన్ను బెదరగొట్టింది ఇంకొకటి. సరుకు బాగుపడింది, గిరాకీ లేదు!

"రండర్రా, చల్లారిపోతోంది!" అని కేకేసేవాణ్ణి.

"ఒక్క నిమిషం నాన్నా" అని మావాడి గదిలోంచి. "మీరు కానిచ్చెయ్యండి, నేను కాల్‌లో ఉన్నా" అని మా ఆవిడ. అమ్మాయి చెవుల్లో ఇయర్‌ఫోన్లు, జవాబే ఉండదు. 'మళ్లీ వస్తా' అంటూ మెట్లు దిగినవాడు మళ్లీ రాడని ఇన్నేళ్లు కొట్టులో కూర్చున్న నాకు తెలీదా? బోణీ కాని దుకాణంలా టేబుల్ ముందు ఒక్కణ్ణే కూర్చుని తినేవాణ్ణి. మిగతా కంచాలు ఎవరి తీరికను బట్టి వాళ్ల గదుల్లోకి వెళ్లి, ఖాళీగా సింకులోకి తిరిగొచ్చేవి.

అలాంటి ఒక సాయంత్రం, మూతలు సప్లై చేసే ఆయన ఫోన్ చేశాడు. నేను ధర దగ్గర పట్టుబడుతుంటే పొయ్యి మీద ఉల్లిపాయలు బొగ్గయ్యాయి. అలారం అందుకుంది.

ఆహా, ఏం గొంతండీ అది! మావాడు తువ్వాలుతో పరిగెత్తుకొచ్చాడు. అమ్మాయి ఇయర్‌ఫోన్లు ఊడిపోతున్నా లెక్కచేయకుండా కిటికీలన్నీ తెరిచింది. మా ఆవిడ చేతిలో లాప్‌టాప్‌తో సహా కుర్చీ ఎక్కి, "ఏం తగలబెట్టారండీ?" అంది. లాప్‌టాప్‌లో ఉన్న ఆఫీసువాళ్లంతా మా వంటిల్లు చూశారు. పై వాటాలో ఒంటరిగా ఉండే రిటైర్డు బస్సు డ్రైవరుగారు బకెట్ నీళ్లతో దిగారు.

అరుపు ఆగేసరికి అందరూ నా టేబుల్ చుట్టూ ఉన్నారు! ఎలాగూ వచ్చాం కదా అని కూర్చున్నారు.

"ఇందులో ఈ నల్లటివి ఏంటి నాన్నా?" అన్నాడు మావాడు.

"ఉల్లిపాయలు."

"మరి ఈ తెల్లటివి?"

"అవీ ఉల్లిపాయలేరా."

అందరూ పగలబడి నవ్వారు. అప్పుడు చూశాను అమ్మాయి ముఖం కేసి. కళ్లజోడు!

"ఇదెప్పుడొచ్చిందే?"

"ఎండాకాలంలోనే నాన్నా. ఫ్యామిలీ గ్రూపులో ఫొటో పెట్టానుగా! నువ్వు బాగుందని బొటనవేలు బొమ్మ కూడా కొట్టావు."

బయట వాన పడుతోంది.

వ్యాపారం తెలిసినవాడు ఇలాంటి పాఠాన్ని వదులుకుంటాడా? ఆ మర్నాటి నుంచి నా పద్ధతి మారింది. వంట జాగ్రత్తగా చేస్తాను. కంచాలు సర్దుతాను, మంచినీళ్లు పెడతాను. ఆఖరున ఒక బ్రెడ్ ముక్కని ఉత్తి పెనం మీద మాడ్చి, పట్టకారుతో పట్టుకుని అలారం కింద చూపిస్తాను. ఒక్క ముక్క ఖర్చు, ఇంటిల్లిపాదీ గిరాకీ! ఇంతకన్నా చవకైన ప్రకటన ఏ పేపరువాడైనా వేస్తాడా? చేయదలచుకున్నవాళ్లకు ఒక సలహా: నిన్నటి బ్రెడ్ వాడండి, తొందరగా మాడుతుంది. నూనె జోలికి మాత్రం వెళ్లకండి, నిజంగానే అంటుకుంటుంది.

డ్రైవరుగారు కొన్నాళ్లకు బకెట్ మానేసి కంచం తెచ్చుకోవడం మొదలుపెట్టారు. అనుభవజ్ఞులు!

ఇంత మంచి వ్యాపారానికి దిష్టి తగిలింది. మొన్న నా పుట్టినరోజుకి పిల్లలిద్దరూ కలిసి కొత్త అలారం కొనిచ్చారు. "ఇక నీకు ఆ గోల ఉండదు నాన్నా" అని మావాడే కుర్చీ ఎక్కి బిగించాడు. ఇది అరవదట. అందరి ఫోన్లకీ మెసేజ్ పంపుతుందట. ఎక్కడున్నవాళ్లు అక్కడి నుంచే నొక్కి ఆపెయ్యొచ్చట!

నిన్న రాత్రి ఒక ముక్క మాడ్చాను. ఎవరూ రాలేదు. ఇంకో ముక్క మాడ్చాను. నా ఫోన్ టింగుమంది. అలారం ఆపింది మావాడు, తన గదిలోంచి. వెనకే గ్రూపులో అమ్మాయి రాసింది: "నాన్నా, మళ్లీనా!" దాని కింద మా ఆవిడ బొటనవేలు.

కాసేపటికి తలుపు చప్పుడైంది. కంచంతో డ్రైవరుగారు.

"ఏం షావుకారుగారూ, ఇవాళ కూత వినపడలేదు? వంట చెయ్యలేదా?"

"చేశానండీ, రండి" అన్నాను. ఇద్దరం తిన్నాం. కూర ఎంత బాగా కుదిరిందనుకున్నారు!

పాఠక మహాశయులారా, మీ అటక మీద గట్టిగా అరిచే పాత అలారం ఏదైనా పడుందా? నా కొత్తది తీసుకుని అదిచ్చేయండి. పైన ఎంతిమ్మన్నా ఇస్తాను. బేరమాడను.