స్తంభం మీది ఆటకత్తెకు చీర

రాతి బొమ్మకు చీర కట్టడం కంటే గొప్ప సంఘసేవ ఈ కాలంలో మరొకటి లేదు! నవ్వకండి. తిరుత్తణి దారిలో ఉన్న మా ఊరి గుడికి వచ్చి చూడండి.

ఆడికృత్తిక పండక్కి మొక్కు కావళ్లు ఎత్తుకొని తిరుత్తణి కొండకు పోయే కుటుంబాలు మా మండపంలోనే సేద తీరుతాయి. అక్కడ స్తంభాలకు వీపు ఆనించి, కొన్ని వందల ఏళ్లుగా రాతి ఆటకత్తెలు కాలెత్తి ఆడుతున్నారు. ఒంటి మీద బట్టకంటే నగలే ఎక్కువ. పిల్లలు చూస్తే ఏమైపోతారు? ఫోనులో ఏం చూస్తున్నారన్నది వేరే సంగతి. అందుకే కమిటీ సెక్రటరీ దండపాణి ఈ ఏడాది బొమ్మలన్నిటికీ చీరలు కట్టించాలని తీర్మానం చేయించాడు.

ఎన్ని లాభాలో! శిల్పి ఓపిగ్గా చెక్కిన మొలనూలును చూసే శ్రమ మనకు తప్పింది. మా నేతవాళ్ల చీరలకు వంకలు పెట్టని ఆడవాళ్లు దొరికారు. నేనూ ఒకటిచ్చాను. మా ఆవిడ పోయినప్పటి నుంచి బీరువాలో మడత విప్పని చీర. దానికి కాస్త గాలీ ఎండా తగిలాయి. నా మటుకు అదీ ఒక మేలే.

ఈ సిగ్గు మనకు ఊరికే రాలేదండీ! తెల్లదొరలు ఈ బొమ్మలను చూసి ముఖం తిప్పుకున్నారు, తనివితీరా చూశాకనే తిప్పుకున్నారు. వాళ్లను చూసి మన చదువుకున్న పెద్దలూ తిప్పుకున్నారు. చట్టం తెచ్చి గుడిలో దేవదాసీల ఆట మాన్పించారు. దానివల్ల కొందరికి మంచీ జరిగింది, కాదనను. కానీ ఆ ఆటనే ఉతికి ఆరేసి, పట్నం సభల్లో తమ పిల్లల చేత ఆడించారు. దొరలు పోయారు. వాళ్లిచ్చిన సిగ్గును మాత్రం మనం చెక్కుచెదరనివ్వలేదు!

దండపాణి కూతురు వైష్ణవి ఆవడి టౌనులో నాట్యం నేర్చుకొని, పోయిన ఏడు ఈ మండపంలోనే ఆడింది. ఊరంతా చప్పట్లు కొట్టాం. మా ఊళ్లోనే ఉండే కన్నియమ్మ మనవరాలు జనని కూడా ఆడతానంటే మాత్రం కమిటీ నీళ్లు నమిలింది. ఎందుకంటే, కన్నియమ్మ వాళ్ల అవ్వ ఒకప్పుడు ఇక్కడే దేవుడి ముందు ఆడిన మనిషి. ఆ వంశం ప్రస్తావన గుడికి మర్యాద కాదట.

ఇంతలో చిక్కొచ్చి పడింది. కాలెత్తిన బొమ్మకు చీర కట్టడం కమిటీ మగవాళ్ల వల్ల కాలేదు. జారిపోయిన చీర, చీరే లేనప్పటికంటే అసభ్యంగా తోచింది! చివరికి కన్నియమ్మనే పిలిచారు. ఆమె చీరను స్తంభం వెనక నుంచి తిప్పి, కుచ్చెళ్లను విసనకర్రలా పరిచి కట్టింది. బొమ్మ అప్పుడే అడుగు వేయబోతున్నట్టు కనపడింది. దాచాలనుకున్నది కాస్తా అందరి కళ్లలో పడింది. కావడివాళ్లు దండాలు పెట్టి సెల్ఫీలు దిగారు.

“యాడ నేర్చుకున్నావక్కా ఈ కట్టు?” అన్నాడు దండపాణి.

“మా అవ్వ ఇట్లే కట్టుకోని ఈడ ఆడినాది. ఇబ్బుడు మా జనని ఆడతానంటాది. ఆ బిడ్డకూ ఈ మండపంలో రోంత ఎడమియ్యి నాయనా.”

దండపాణి బొమ్మకు దండం పెట్టి, “రాయంటే అడిగేవాళ్లు లేరక్కా. మనిషంటే మీటింగులో మాట్లాడాల” అన్నాడు.

అమ్మా జననీ, కమిటీ మీద కోపం వద్దు. నీ తప్పల్లా ఒకటే, నువ్వు ఊపిరి పీలుస్తున్నావు. ఆ స్తంభం పక్కన కాలెత్తి కదలకుండా నిలబడు. నువ్వు రాయివయ్యాక వాళ్లే పట్టుచీర తెస్తారు. కట్టడం చేతకాకపోతే, మీ అవ్వ కన్నియమ్మనే పిలుస్తారు.